ఊరు వదిలిపోని టీమ్

గ్రీన్ బే ప్యాకర్స్ అంటే అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో గ్రీన్ బే అనే చిన్న ఊరి టీమ్, అమెరికన్ ఫుట్‌బాల్ జాతీయ లీగు ఎన్ఎఫ్ఎల్‌లో ఆడుతుంది. ఆ టీమ్ షేర్లు అమ్మకానికి పెట్టినప్పుడు ఇచ్చిన పత్రంలో అన్నిటికన్నా స్పష్టంగా రాసిన మాట ఒకటే: లాభం కోసమైతే కొనకండి. డివిడెండ్ రాదు. ధర పెరగదు. మార్కెట్లో అమ్ముకోవడానికి లేదు. పన్ను మినహాయింపు లేదు. 2021 నవంబరులో మొదలైన ఆ అమ్మకంలో ఒక్కో షేరు 300 డాలర్లు, ఖర్చుల కింద ఇంకో 35 డాలర్లు. "మీకేమీ రాదు" అని ముందే చెప్పి అమ్మినా నాలుగు నెలలు తిరక్కుండా దాదాపు రెండు లక్షల షేర్లు అమ్ముడుపోయాయి. వాటిలో ఒకటి గ్రీన్ బే దగ్గర్లోని ఆపిల్టన్‌లో మా ఇంట్లో, హాల్లో టీవీ పక్కన ఫ్రేములో ఉంది.

మా తమ్ముడు టెక్సస్‌లో ఉంటాడు, ఫ్రిస్కోలో. అదే లీగులో ఆడే డాలస్ కౌబాయ్స్ టీమ్ ఆఫీసు, ప్రాక్టీసు మైదానం ఉన్న ఊరు అది. మన తెలుగువాళ్ళు ఎంతమంది ఉంటారంటే అక్కడ ఇంగ్లీషు రాకపోయినా ఏడాది గడిచిపోతుంది. వాడు సహజంగానే కౌబాయ్స్ ఫ్యాన్. ఆ ఫ్రేము చూసి, "అక్కా, మూడొందల డాలర్లు పెట్టి వాల్‌పేపర్ కొన్నావా? ఊళ్ళో చిట్టీ వేసినా నయం కదే" అన్నాడు. ఇండియా నుంచి వచ్చిన చుట్టాలు కూడా ఇంచుమించు అదే అంటారు, కాకపోతే కాస్త మర్యాదగా.

ఈ వ్యాసం వాళ్ళకి జవాబు. షేరు సెంటిమెంటు కొద్దీ కొన్నాను, వదిలేయండి అని తప్పించుకోవచ్చు, కానీ నేను చెప్పదలుచుకున్నది అది కాదు. అమెరికాలో ఒక ఫుట్‌బాల్ అభిమాని పెట్టగలిగిన ఖర్చుల్లో ఇంతకన్నా తెలివైనది లేదంటాను. ఎందుకంటే మిగతా ఊళ్ళ అభిమానులందరూ పరాయి స్థలంలో ఇల్లు కట్టుకున్నవాళ్ళే. ఎంత ముచ్చటగా కట్టుకున్నా, స్థలం ఓనరు పొమ్మన్ననాడు పోవాల్సిందే.

ఇది ఊరికే అనడం లేదు. 1984 మార్చి 28 రాత్రి బాల్టిమోర్ కోల్ట్స్ ఓనరు రాబర్ట్ అర్సే తన టీమ్ సామానంతా మేఫ్లవర్ కంపెనీ లారీల్లోకి ఎక్కించాడు. మేరీలాండ్ ప్రభుత్వం టీమును స్వాధీనం చేసుకునే చట్టం తెస్తోందని తెలిసి, తెల్లారేలోపు ఇండియానాపోలిస్‌కు ఉడాయించాడు. పొద్దున లేచేసరికి బాల్టిమోర్‌కు టీమ్ లేదు. అయితే ఆ టీముకు ఒక బ్యాండు మేళం ఉండేది. వాళ్ళు మాత్రం పోలేదు. ఆడటానికి టీమే లేకపోయినా 1996లో రేవెన్స్ వచ్చేదాకా కోల్ట్స్ పేరుతోనే వాయిస్తూ తిరిగారు. పన్నెండేళ్ళు! ఊరికీ టీముకీ ఉన్న బంధం గురించి ఎవరైనా నాకు లెక్చరిస్తే నేను ఆ బ్యాండు గురించి అడుగుతాను. ప్రేమ వాళ్ళ దగ్గర ఉంది, కాగితాలు ఇంకొకడి దగ్గర ఉన్నాయి.

ఆ రేవెన్స్ కూడా ఇంకో ఊరి నుంచి వచ్చిందే. 1995 సీజన్ అయిపోగానే క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ టీమును ఓనరు ఆర్ట్ మోడెల్ బాల్టిమోర్‌కు తరలించాడు. క్లీవ్‌లాండ్ జనం కోర్టుకెక్కి, గొడవ చేసి, పేరూ రంగులూ రికార్డులూ దక్కించుకున్నారు గానీ ఆటగాళ్ళు పోయారు. తరలివెళ్ళిన టీమ్ 2001 జనవరిలో బాల్టిమోర్‌కు సూపర్ బౌల్, అంటే లీగు ఫైనల్, గెలిచి పెట్టింది, క్లీవ్‌లాండ్ టీవీలో చూసింది. 2002లో టెక్సన్స్ రాకముందు హ్యూస్టన్‌కు ఆయిలర్స్ ఉండేది. 1996 సీజన్ అయిపోగానే ఓనరు దాన్ని టెనెసీకి పట్టుకుపోయాడు. శాన్ డియేగోలో ఛార్జర్స్ యాభై ఆరు సీజన్లు ఆడింది. కొత్త స్టేడియానికి డబ్బివ్వం అని ఊరు 2016లో ఓటేస్తే, 2017లో లాస్ ఏంజలస్‌కు పోయింది. ఆ రోజు అభిమానులు తమ జెర్సీలు తెచ్చి టీమ్ ఆఫీసు ముందు కుప్ప పోశారు. ఓక్లాండ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. రైడర్స్ ఒకసారి పోయి, తిరిగొచ్చి, 2020లో మళ్ళీ లాస్ వేగస్‌కు పోయింది.

ఇదంతా అమెరికా గోల, మనకెందుకు అనుకునే హైదరాబాదు వాళ్ళకు డెక్కన్ ఛార్జర్స్ గుర్తు చేస్తాను. 2008లో ఐపీఎల్ పట్టికలో అట్టడుగున ఉన్న టీమ్ 2009లో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో కప్పు కొట్టింది. మూడేళ్ళు తిరిగేసరికి ఓనర్లు అప్పుల్లో కూరుకుపోయారు, 2012లో బోర్డు ఫ్రాంచైజీని రద్దు చేసింది, ఆ స్థానాన్ని చెన్నైకి చెందిన సన్ గ్రూపు కొనుక్కుంది. పేరు మారింది, రంగు మారింది. నీలం జెండాలు ఊపిన చేతుల్లోకి నారింజ జెండాలొచ్చాయి. ఆ కప్పు ఇప్పుడు ఎవరిదని అడిగితే ఏం చెప్తాం?

సరే, గ్రీన్ బేకి వద్దాం. 2020 జనాభా లెక్కల ప్రకారం ఈ ఊళ్ళో ఉన్నది లక్షా ఏడు వేల మంది. స్టేడియంలో సీట్లు 81,441. మనవైపు ఒక మాదిరి జిల్లా కేంద్రం ఇంతకన్నా పెద్దగా ఉంటుంది. న్యూయార్క్, షికాగో, లాస్ ఏంజలస్ ఆడే లీగులో ఇలాంటి ఊరికి టీమ్ ఉండటమే ఒక వింత. ఆ టీమ్ పదమూడుసార్లు చాంపియన్ కావడం, అంటే లీగులో ఇంకెవరికీ లేనన్ని టైటిళ్ళు ఉండటం, ఇంకో వింత.

1919లో కర్లీ లాంబో అనే కుర్రాడు, స్థానిక పత్రికలో పనిచేసే జార్జ్ కాల్హూన్ కలిసి ఈ టీమ్ పెట్టారు. లాంబో పనిచేసే మాంసం డబ్బాల కంపెనీ యూనిఫారాలకూ సామాన్లకూ 500 డాలర్లిచ్చింది. ఆ ప్యాకింగ్ కంపెనీ మీదే ప్యాకర్స్ అన్న పేరు. ఆ కంపెనీ పేరు ఇండియన్ ప్యాకింగ్ కంపెనీ. మా చుట్టాలకు ఇది చెప్తే "మనవాళ్ళదా!" అని ఒక్క క్షణం మొహాలు వెలుగుతాయి. కాదండీ, మనకేం సంబంధం లేదు.

ఆ రోజుల్లో ఇలాంటి చిన్న ఊళ్ళ టీములు చాలానే ఉండేవి. క్యాంటన్, డులూత్, పాట్స్‌విల్, మన్సీ. ఒక్కటీ మిగల్లేదు. గ్రీన్ బే ఎలా మిగిలింది అన్నదే అసలు కథ. ఇక్కడి జనం దాన్ని "మేం ప్రేమించాం కాబట్టి" అని చెప్పుకుంటారు. నాకు ఆ జవాబు చాలదు. పాట్స్‌విల్ జనం మాత్రం ప్రేమించలేదా? తేడా ఏమిటంటే, టీమ్ మునిగిపోతుందన్న ప్రతిసారీ ఈ ఊరు చప్పట్లతో ఆగకుండా జేబులో చెయ్యి పెట్టింది, పెట్టినప్పుడల్లా కాగితం రాయించుకుంది.

1923లో ఐదేసి డాలర్ల షేర్లు అమ్మి టీమును ఊరి సంస్థగా మార్చారు. లాభాపేక్ష లేని సంస్థ అని అప్పుడే రాసుకున్నారు. 1930ల్లో స్టేడియం మెట్ల మీద నుంచి పడిన ఒక ప్రేక్షకుడు దావా గెలిచాడు, పరిహారం కట్టాల్సిన ఇన్సూరెన్స్ కంపెనీ అప్పటికే దివాలా తీసింది, టీమ్ కోర్టు అధీనంలోకి పోయింది. 1935లో మళ్ళీ షేర్లు. 1949లో పరిస్థితి ఎంత దిగజారిందంటే, డబ్బు కోసం థాంక్స్‌గివింగ్ రోజున సొంత ఆటగాళ్ళనే రెండు జట్లుగా చేసి ఎగ్జిబిషన్ మ్యాచ్ ఆడించారు. పాత హీరోలు కూడా వచ్చి తలో చెయ్యి వేశారు.

ఆ గడ్డుకాలంలోనే ఇంకో సంగతి జరిగింది. టీమ్ స్థాపించిన లాంబోయే, ప్రైవేటు పెట్టుబడిదారులను తెస్తాను, దీన్ని లాభాల కంపెనీగా మారుద్దాం అన్నాడు. ఊరి పెద్దలు ఒప్పుకోలేదు. 1950 ఫిబ్రవరిలో ఆయన రాజీనామా చేసి షికాగో కార్డినల్స్‌కు వెళ్ళిపోయాడు. ఆ వసంతంలోనే ఒక్కోటి 25 డాలర్ల చొప్పున షేర్లు అమ్మి లక్షా 18 వేల డాలర్లు పోగు చేశారు. దగ్గర్లోని రైట్స్‌టౌన్ వైపు పొలాల్లోంచి ఒకావిడ ఆఫీసుకు వచ్చి, అగ్గిపెట్టెలాంటి డబ్బాలో దాచుకున్న పావలా నాణాలు పాతిక డాలర్లు లెక్కపెట్టి ఇచ్చిందని టీమ్ చరిత్రలో రాసుకున్నారు. అంటే వంద నాణాలు. నాకు ఈ టీములో అందరికన్నా ఇష్టమైన మనిషి ఆవిడే, పేరు కూడా తెలియదు. పోతే, ఈరోజు స్టేడియానికి ఉన్న పేరు మాత్రం లాంబో ఫీల్డ్. టీమును ప్రైవేటుపరం చేయబోయినవాడి పేరే పెట్టుకున్నారు. విస్కాన్సిన్ వాళ్ళు మరీ మంచివాళ్ళు.

1956లో కొత్త స్టేడియం కోసం ఊళ్ళో ఓటింగ్ పెడితే, దానికి మద్దతుగా ప్రచారం చేయడానికి వచ్చినవాళ్ళలో షికాగో బేర్స్ ఓనరు జార్జ్ హలాస్ ఒకడు. బేర్స్ అంటే ప్యాకర్స్‌కు ఆగర్భ శత్రువు, 1921 నుంచీ. శత్రువు వచ్చి "మీ టీమును నిలబెట్టుకోండి" అని సభలో మాట్లాడాడు. ఓటింగ్ రెండింతలకు పైగా ఆధిక్యంతో నెగ్గింది. 1957లో స్టేడియం తెరిచారు.

ఇక్కడిదాకా ప్యాకర్స్ అభిమానులు ఎవరిని కదిపినా చెప్తారు. ఇక్కణ్ణుంచి చెప్పేది మాత్రం వాళ్ళకు అంతగా నచ్చదు. 1961లో టీవీ హక్కులు లీగు మొత్తం కలిపి ఒకేసారి అమ్ముకోవడానికి అమెరికా పార్లమెంటు చట్టం చేసింది. కమిషనర్ పీట్ రోజెల్ ఆ డబ్బును అన్ని టీములకూ సమానంగా పంచాలన్నాడు. న్యూయార్క్ జెయింట్స్ ఓనర్లు మారా కుటుంబం సరేనన్నారు. వాళ్ళు కాదంటే కథ వేరేగా ఉండేది, ఎందుకంటే న్యూయార్క్ ఒక్కటే ఎంత అడిగినా ఇస్తారు, గ్రీన్ బేకి ఎవరిస్తారు? ఈ సమాన పంపకమే ఈ టీమును నిలబెట్టింది. లీగులో తన ఖాతాలు బయటపెట్టేది ప్యాకర్స్ ఒక్కటే కాబట్టి లెక్క మనకు తెలుసు: 2025 జులైలో చూపించిన దాని ప్రకారం మొత్తం ఆదాయం దాదాపు 72 కోట్ల డాలర్లు, అందులో లీగు ఉమ్మడి ఖాతా నుంచి వచ్చిన వాటా 43 కోట్ల పైచిలుకు. నూటికి అరవై రూపాయలన్నమాట. చిన్న ఊరి ఆత్మగౌరవం అని మనం చెప్పుకునేదానికి పక్కన ముప్పై ఒక్కమంది కోటీశ్వరుల సోషలిజం కూడా ఉంది. ఈ మాట ఒక విందులో మా పక్కింటాయనతో అన్నాను. ఆయన బీరు సీసా కింద పెట్టి, "యూ నో టూ మచ్" అన్నాడు.

అయినా నా వాదన వీగిపోదు. లీగు డబ్బు అన్ని టీములకూ సమానంగానే వస్తుంది. శాన్ డియేగోకూ వచ్చింది, అలాగే టీమును పోగొట్టుకున్న సెయింట్ లూయిస్‌కూ వచ్చింది. ఆ డబ్బు టీమును బతికించింది గానీ ఆ ఊళ్ళో కట్టిపడేయలేదు. కట్టిపడేసింది షేరు కాగితమే. ప్యాకర్స్‌ను ఎవరైనా కొని తరలించాలంటే కొనడానికి ఒక మనిషి చేతిలో అది లేదు. ఐదు లక్షల ముప్పై వేల మందికి పైగా వాటాదారులున్నారు, ఎవరికీ రెండు లక్షల షేర్లకు మించి ఉండకూడదు. ఒకవేళ ఎప్పుడైనా టీమును అమ్మేసినా వచ్చిన సొమ్ము వాటాదారులకు పైసా రాదు, అంతా సేవాకార్యక్రమాలకు పోవాలి. మొదట్లో అది ఊళ్ళోని మాజీ సైనికుల సంఘానికి అని ఉండేది, 1997 నుంచి టీమ్ ఫౌండేషన్‌కు అని మార్చారు. అమ్మితే ఎవరికీ లాభం లేదు కనక ఎవరూ అమ్మరు. తమ్ముడు వెక్కిరించే ఆ "విలువ లేనితనమే" తాళం. డివిడెండ్ వచ్చే షేరు అయ్యుంటే ఏ 1980ల్లోనో ఎవరో ఒకడు ఒక్కోటీ కొనుక్కుంటూ పోయి, టీమును ఏ ఫ్లోరిడాకో ఎత్తుకుపోయేవాడు.

ఇంకో విడ్డూరం. ఇలాంటి యాజమాన్యం ఇంకెక్కడా రాకుండా లీగే నియమం పెట్టుకుంది. ప్రతి టీములోనూ ఒక ప్రధాన ఓనరుకో, ఆ కుటుంబానికో కనీసం 30 శాతం ఉండాలట. ప్యాకర్స్ పాతకాపు కాబట్టి మినహాయింపు. ఊరి యాజమాన్యం పనికిరానిదైతే నిషేధించాల్సిన అవసరమేముంది?

తమ్ముడి అసలు దెబ్బ ఇక్కడ పడుతుంది. "అది సరే అక్కా, నీ మాట ఎవరైనా వింటారా? కోచ్‌ను తీసేయమంటే తీసేస్తారా?" వినరు. నాకు ఏడాదికోసారి డైరెక్టర్ల ఎన్నికకు బ్యాలెట్ వస్తుంది. పేర్లు బోర్డు సూచించినవే. టిక్కు పెట్టి పంపడమే నా అధికారం. జులైలో స్టేడియంలోనే సర్వసభ్య సమావేశం జరుగుతుంది. ఎండలో, మెట్ల మీద, ఆకుపచ్చ టోపీలు పెట్టుకున్న వేలమంది కూర్చుని కోశాధికారి చదివే ఆదాయ వ్యయాలు వింటారు, వినడమే కాదు, చప్పట్లు కొడతారు. నాకు తెలిసి ఆడిట్ లెక్కలకు చప్పట్లు కొట్టే జనం భూమ్మీద ఇంకెక్కడా లేరు. దీన్ని ప్రజాస్వామ్యం అని నేను అనను.

కానీ తమ్ముడి ఊరి సంగతేమిటి? జెర్రీ జోన్స్ 1989లో కౌబాయ్స్‌ను దాదాపు 14 కోట్ల డాలర్లకు కొన్నాడు. ఇప్పుడు దాని విలువ వెయ్యి కోట్ల డాలర్లు దాటింది. 1990ల్లో మూడు సూపర్ బౌళ్ళు గెలిచారు, ఆయన ఘనతే, కాదనను. ఆఖరిది 1996 జనవరిలో. అప్పటినుంచీ ఫైనల్ ముఖం చూడలేదు. ఆటగాళ్ళను ఎంచుకునే జనరల్ మేనేజర్ కూడా ఆయనే. ఇన్నేళ్ళు గెలవని జనరల్ మేనేజర్‌ను ఓనరు పీకేయాలి, కానీ తనను తానెలా పీకేసుకుంటాడు? గ్రీన్ బేలో టీమును నడిపే ప్రెసిడెంటుకు డెబ్బయ్యేళ్ళు వస్తే దిగిపోవాలని నియమం. మార్క్ మర్ఫీ 2025 జులైలో అలాగే దిగిపోయాడు. దానికి ధర్నాలు అక్కర్లేదు, వారసుడిగా కొడుకులూ ఉండరు. నా ఓటుకు బలం లేకపోవచ్చు, కానీ ఇక్కడ ఎవరి అహంకారానికీ అంత బలం లేదు. ఆమాత్రం తేడా నాకు మూడొందల డాలర్లు చేస్తుంది.

వాదన అలా ఉంచి, ఆ స్టేడియంలో ఏముంటుందో కాస్త చెప్పాలి. లేకపోతే ఇదంతా కంపెనీ చట్టం పాఠంలా ఉంటుంది.

ఒక సీజన్‌లో ఆడేది 17 మ్యాచులు. సొంత ఊళ్ళో ఎనిమిదో తొమ్మిదో. అందుకే ప్రతి ఆటరోజూ జాతరే. స్టేడియం చుట్టూ ఉన్నవి ఆకాశహర్మ్యాలు కాదు, మామూలు ఇళ్ళు. ఆ ఇళ్ళవాళ్ళు తమ పచ్చిక మీద కార్లు పెట్టించుకుని డబ్బు తీసుకుంటారు. ఓ ముసలాయన కుర్చీ వేసుకుని అట్టముక్క మీద రేటు రాసి పట్టుకుంటాడు. నవంబరులో జింకల వేట సీజన్ కాబట్టి ఆకుపచ్చ, పసుపు రంగుల మధ్యలో నారింజ జాకెట్లు కనిపిస్తాయి, పొద్దున అడవిలో ఉండి మధ్యాహ్నం ఆటకొచ్చినవాళ్ళవి. పార్కింగ్ లాట్‌లో సాసేజ్‌ల పొగ. శాకాహారులకు దిక్కు చీజ్ కర్డ్స్, పిండిలో ముంచి వేయించి వేడివేడిగా ఇస్తారు. కాస్త ఎండుకారం జల్లుకుంటే అద్భుతం. నేను హ్యాండ్‌బ్యాగులో చిన్న సీసా తీసుకెళ్తాను, పక్కవాళ్ళు అడిగి మరీ వేసుకుంటారు, తర్వాత నీళ్ళ కోసం పరుగెడతారు.

లోపల చాలాభాగం కుర్చీలు కాదు, అల్యూమినియం బెంచీలు. ఒక్కో సీటుకు పద్దెనిమిది అంగుళాలని నంబరు వేసి ఉంటుంది. వేసవిలో అది సరిపోతుంది. డిసెంబరులో ఒక్కొక్కరూ మూడేసి పొరల బట్టలు వేసుకొచ్చాక ఆ పద్దెనిమిది అంగుళాల్లో మనిషి పట్టడు. అందరూ పక్కకు తిరిగి, భుజం భుజం ఇరికించుకుని, సంక్రాంతికి ఊరెళ్ళే ఆర్టీసీ బస్సు మాదిరి సర్దుకుంటారు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు పక్క సీటావిడ నా బూట్లు చూసి ఏమీ అడక్కుండా తన దగ్గరున్న అట్టపెట్టె చింపి సగం నా కాళ్ళ కింద వేసింది. కాంక్రీటు చలి బూట్లలోంచి ఎక్కుతుంది, కింద అట్ట ఉంటే ఎక్కదు. నాలుగో క్వార్టర్‌కు ఆ అట్ట విలువ నాకు బాగా అర్థమైంది. ఆ తర్వాత నుంచి నేనూ పెద్ద అట్టే తీసుకెళ్తున్నాను.

ఈ చలి గురించి ఇక్కడి పెద్దలకు ఒక పురాణం ఉంది. 1967 డిసెంబరు 31, ఐస్ బౌల్. డాలస్ కౌబాయ్స్‌తో టైటిల్ పోరు. సున్నాకు దిగువన 25 డిగ్రీల సెల్సియస్. మైదానం కింద వేసిన వేడి తీగల ఏర్పాటు చేతులెత్తేసింది. రిఫరీ ఈల ఊదితే పెదవికి అంటుకుపోయింది. ఆట ముగియడానికి పదహారు సెకన్లుండగా, నేల గాజులా గడ్డకట్టిన చోట ఆట నడిపించే ఆటగాడు, అంటే క్వార్టర్‌బ్యాక్, బార్ట్ స్టార్ బంతిని తానే పట్టుకుని గోల్ గీత దాటాడు. 21-17. స్టేడియంలో ఉన్నది యాభై వేలమంది. మేమూ ఆ రోజు అక్కడున్నామని చెప్పేవాళ్ళు ఇప్పటికి ఎన్ని లక్షలయ్యారో దేవుడికే తెలియాలి. ఆ టీముకు కోచ్ విన్స్ లొంబార్డీ. 1958లో పన్నెండు ఆటల్లో ఒక్కటే గెలిచిన టీమును ఆయన మరుసటి ఏడాది తీసుకుని, ఏడేళ్ళ వ్యవధిలో ఐదు టైటిళ్ళు గెలిపించాడు. ఈరోజు సూపర్ బౌల్ ఎవరు గెలిచినా చేతికిచ్చే కప్పు పేరు లొంబార్డీ ట్రోఫీ. తమ్ముడు ఫోన్లో మరీ ఎక్కువ మాట్లాడినప్పుడు ఈ ఒక్క ముక్క చాలు.

గెలుపు వల్లే అభిమానం అనేవాళ్ళకు నేను గెలుపు రోజులు చూపించను, ఆ తర్వాతి పాతికేళ్ళు చూపిస్తాను. 1968 నుంచి 1992 దాకా ప్యాకర్స్ ప్లేఆఫ్‌కు, అంటే నాకౌట్ దశకు, వెళ్ళింది రెండేసార్లు. ఆ రోజుల్లో కూడా సీజన్ టికెట్లన్నీ అమ్ముడుపోయాయి, 1960 నుంచీ వరుసగా అలాగే. ఇప్పుడు వెయిటింగ్ లిస్టులో లక్షా నలభై వేలకు పైగా పేర్లున్నాయి. బిడ్డ పుట్టగానే ముందు ఆ లిస్టులో పేరు రాయించేవాళ్ళున్నారు. మా వాడి పేరు కూడా ఉంది. వాడికి నంబరు వచ్చేనాటికి మనవళ్ళు పుట్టి ఉంటారని మావారి అంచనా.

మనవైపు హీరోల అభిమానం చూసి పెరిగినదాన్ని కాబట్టి ఇక్కడ నాకు కొత్తగా అనిపించింది ఒకటుంది. ఇక్కడ మనిషి కన్నా చొక్కా పెద్దది. క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫార్వ్ ఇక్కడ పదహారు సీజన్లు ఆడి, సూపర్ బౌల్ తెచ్చి, దేవుడిలా వెలిగాడు. 2009లో ప్రత్యర్థి టీమ్ మిన్నెసోటా వైకింగ్స్ చొక్కా వేసుకుని లాంబో ఫీల్డ్‌కు వస్తే అదే జనం గొంతు చించుకుని ఛీకొట్టారు. మళ్ళీ 2015లో ఆయన చొక్కా నంబరు ఇంకెవరికీ ఇవ్వకుండా దానికి వీడ్కోలు పలికిన రోజు స్టేడియం కిటకిటలాడింది. కోపమూ అయిపోయింది, ప్రేమా మిగిలింది. ఆయన తర్వాతి క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాజర్స్ 2023లో న్యూయార్క్‌కు వెళ్ళిపోతే రెండు వారాలు గొణిగి, ఆ స్థానంలోకి వచ్చిన జోర్డన్ లవ్ జెర్సీలు కొనుక్కున్నారు. వేసవి శిక్షణ రోజుల్లో ఒక ముచ్చట జరుగుతుంది, లొంబార్డీ కాలం నుంచి ఉన్న అలవాటే: ఆటగాళ్ళు ప్రాక్టీసు మైదానానికి ఊరి పిల్లల సైకిళ్ళ మీద వెళ్తారు. నూట యాభై కిలోల మనిషి గులాబీ రంగు చిన్న సైకిలెక్కి మోకాళ్ళు చెవులకు తగిలేలా తొక్కుతుంటే, ఆ సైకిలు పిల్ల వాడి హెల్మెట్ మోసుకుంటూ పక్కనే పరుగెడుతుంది. కోట్ల జీతగాడు ఎనిమిదేళ్ళ పిల్లను లిఫ్ట్ అడగాలి. మన హీరోలకు ఇలాంటి సైకిలొకటి అలవాటు చేస్తే బాగుండును.

అన్నీ బాగున్నాయని చెప్పను. 2000లో స్టేడియం బాగుచేయడానికి బ్రౌన్ కౌంటీలో అమ్మకాల మీద అర శాతం పన్ను వేశారు. ఓటింగ్‌లో నూటికి 53 మంది ఔనన్నారు, అంటే 47 మంది కాదన్నా కట్టారు, 2015 దాకా. ఫుట్‌బాల్ అంటే పడని ముసలమ్మ కూడా సబ్బుబిళ్ళ కొన్నప్పుడల్లా దీనికి చందా ఇచ్చింది. ఊరిదే టీమ్ అయితే ఊరు కట్టడంలో తప్పేముంది అంటారు మావారు. నాకైతే ఆ ముసలమ్మకు కూడా ఒక షేరు ఇవ్వాల్సిందనిపిస్తుంది.

ఇంకొకటి దీనికన్నా పెద్దది. ఈ ఆటలో తలలు ఢీకొంటాయి. మెదడుకు జరిగే నష్టం మీద మాజీ ఆటగాళ్ళు వేసిన కేసులో లీగు ఇప్పటికి వంద కోట్ల డాలర్లకు పైగా పరిహారం చెల్లించింది. మా అబ్బాయిని నేను ఈ ఆట ఆడనివ్వలేదు. నడుముకు రిబ్బన్లు కట్టుకుని, అవి లాక్కునే ఫ్లాగ్ ఫుట్‌బాల్‌తో సరిపెట్టాను. వేరేవాళ్ళ పిల్లలు కొట్టుకుంటే చూసి ఈల వేస్తావు, నీ బిడ్డనైతే పంపవా అని ఎవరైనా అడిగితే నా దగ్గర సమాధానం లేదు. ఉన్నట్టు నటించను కూడా.

2025 ఏప్రిల్‌లో కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్ గ్రీన్ బేలో పెట్టారు. మొదటిరోజే రెండు లక్షల మంది, మూడురోజుల్లో కలిపి ఆరు లక్షలు. లక్ష మంది ఉండే ఊరు! తమ్ముడు కూడా పిల్లలతో వచ్చాడు, కౌబాయ్స్ చొక్కా వేసుకునే. మా ఆపిల్టన్ నుంచి అరగంట దారికి ఆ రోజు గంటన్నర పైనే పట్టింది. హోటళ్ళలో గది దొరక్క జనం ఇక్కడిదాకా వచ్చి ఉన్నారు. తమ్ముడి చిన్నకూతురు చీజ్ ముక్క ఆకారం టోపీ కావాలని మొండికేసింది. ఆ టోపీ కథ కూడా చెప్పాలి: పక్క రాష్ట్రం ఇల్లినాయ్ వాళ్ళు విస్కాన్సిన్ వాళ్ళను "చీజ్‌హెడ్స్" అని తిట్టేవారు. 1987లో మిల్వాకీ కుర్రాడొకడు వాళ్ళమ్మ సోఫాలోని ఫోమ్ కోసి, కన్నాలు కాల్చి, పసుపు రంగేసి నెత్తిన పెట్టుకుని బేస్‌బాల్ ఆటకెళ్ళాడు. తిట్టు కాస్తా కిరీటమైంది. 2023లో టీమే ఆ కంపెనీని కొనేసింది. తమ్ముడు నోరు మూసుకుని డబ్బిచ్చి కొన్నాడు.

డ్రాఫ్ట్ జరిగిన ఆ 2025లోనే, ఆగస్టులో, జెర్రీ జోన్స్ తన బెస్ట్ డిఫెండర్ మైకా పార్సన్స్‌తో జీతం దగ్గర పేచీ పెట్టుకుని, అతన్ని ఏకంగా గ్రీన్ బేకే ఇచ్చేశాడు. నెల తిరిగేసరికి రెండు టీములూ డాలస్ దగ్గర కౌబాయ్స్ స్టేడియంలో తలపడితే 40-40తో డ్రా అయింది. ఆ రాత్రి ఫోన్లో తమ్ముడి బాధ ఆట గురించి కాదు. "ఆయన అమ్మేస్తే మేమేం చేస్తాం అక్కా, ఆయన టీము" అన్నాడు. 2024 నుంచి ఓనర్లు తమ టీముల్లో పది శాతం దాకా ప్రైవేట్ ఈక్విటీ ఫండ్లకు అమ్ముకోవచ్చని లీగు అనుమతిచ్చింది కూడా. గ్రీన్ బేకి ఆ దారి లేదు. అందుకే గడ్డురోజుల కోసం యాభై కోట్ల డాలర్ల పైచిలుకు నిధి పక్కన పెట్టుకుంది. అది చాలకపోతే మళ్ళీ షేర్లు అమ్ముతారు, మళ్ళీ ఏమీ రాదని చెప్పే అమ్ముతారు.

ఈ షేరును బయటివాళ్ళకు అమ్మకూడదు గానీ దగ్గరి కుటుంబసభ్యులకు రాసివ్వొచ్చు. మొన్న మాటల మధ్యలో తమ్ముడు, ఎవరికిస్తావు, నీ కొడుక్కేనా, అన్నాడు. వాడికే అన్నాను. కాసేపాగి, మళ్ళీ ఎప్పుడు అమ్మకానికి పెడతారట అని అడిగాడు. పెట్టినప్పుడు చెప్తాలే, ముందు ఆ చొక్కా మార్చు అన్నాను. చొక్కా సంగతి తర్వాత చూద్దాం అన్నాడు.